పిలకాయలు ఒకసారి గే అని, ఇంకోసారి బై అని చెప్తే మనం ఏం చేయాలి

ముందే చెప్పేస్తున్నా, ఇది అమ్మానాన్నల కోసం కాదు. మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్ళల్లో పిలకాయలు ఇట్టాంటి సంగతి మొదట అమ్మకీ నాన్నకీ చెప్పరు. రెండు వీధులవతల ఉండే పిన్నికి చెప్తారు, బెంగళూరులో జాబ్ చేసే పెద్దమ్మ కొడుక్కి రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో టైప్ చేసి, డిలీట్ చేసి, మళ్ళీ టైప్ చేసి పంపిస్తారు, లేకపోతే సెలవలకి వచ్చిన మేనత్త కూతుర్ని మిద్దె మీదకి పిలిచి చెప్తారు. ఆ పిన్నికి, ఆ అన్నకి, ఆ వదినకి రాస్తున్నా.

"నేను గే అనుకుంటా అన్నా" అని మొదటిసారి చెప్పినప్పుడు ఎట్టా ఉండాలో ఇప్పుడు కొంచెం తెలిసినోళ్ళు చాలామందే ఉన్నారు. అసలు చిక్కు దాని తర్వాత వస్తుంది. ఎనిమిది నెలలకో రెండేళ్ళకో అదే పిల్లోడు వచ్చి "గే కాదేమో అన్నా, బై ఏమో" అంటాడు, అంటే ఆడా మగా ఇద్దరి మీదా ఇష్టం ఉందేమో అని. లెస్బియన్ అని ఏడ్చి చెప్పిన అమ్మాయి "ఇప్పుడు క్లాసులో ఒక అబ్బాయి నచ్చాడక్కా, నాకేం అర్థం కావట్లా" అంటుంది. ఇంకొకరు అసలు నాకే పేరూ వద్దు పో అంటారు. ఇక్కడే మంచోళ్ళు కూడా తడబడతారు, ఎందుకంటే అప్పుడు గుండె రాయి చేసుకుని ఒప్పుకున్నాం కదా, ఇప్పుడిదేంది అని లోపల ఒక విసుగు. దాంతోపాటు ఇంకోటి కూడా లేస్తుంది, పైకి చెప్పకపోయినా, "హమ్మయ్య, అయితే మారిపోతాడన్నమాట" అని. ఈ రెండూ మీ మొహం మీద కనపడకుండా చూసుకోండి, వాళ్ళు మీ మాట కంటే ముందు మీ మొహమే చూస్తారు.

నేను ఈ పోస్ట్ మొత్తంలో చెప్పేది ఒకటే. పేరు మారొచ్చు, మారడంలో వింతేం లేదు. కానీ దానంతటది మారడం వేరు, ఇంకొకరు కూర్చోబెట్టి మార్చడం వేరు. మొదటిది జరుగుతుంది కాబట్టి రెండోది కూడా చేసేయొచ్చు అని మనోళ్ళు లింకు పెడతారు చూడండి, ఆ లింకు తప్పు. దాన్ని తెంచడమే మీ పని.

ముందు మూడు సంగతులు విడదీసుకోండి

ఎవరి మీద మనసు పోతుంది అనేది ఒకటి. ఎవరితో తిరుగుతున్నారు, ఎవరితో రిలేషన్‌లో ఉన్నారు అనేది రెండోది. తమని తాము ఏమని పిలుచుకుంటున్నారు అనేది మూడోది. ఈ సబ్జెక్టు మీద రిసెర్చ్ చేసేవాళ్ళు కూడా వీటిని వేరువేరుగానే అడుగుతారు, ఎందుకంటే మూడూ ఒకే మనిషిలో ఒకేలా ఉండాలని రూలేం లేదు. లోపల మగపిల్లల మీదే ఇష్టం ఉన్నోడు ఇంట్లో చూసిన సంబంధానికి సరే అని తలూపి, అడిగితే స్ట్రెయిట్ అని చెప్పుకుంటా ఉండొచ్చు. ఇద్దరి మీదా ఇష్టం ఉన్న అమ్మాయి ప్రస్తుతం ఒక అబ్బాయితో ఉండొచ్చు, అంతమాత్రాన ఆ రెండో ఇష్టం ఆవిరైపోదు.

కాబట్టి "మారాను" అని వాళ్ళు అన్నప్పుడు ఈ మూడింట్లో ఏది మారిందో మీకు తెలీదు. చాలాసార్లు మారింది పేరు మాత్రమే, లోపల ఉన్నది ముందూ అదే ఇప్పుడూ అదే, దానికి దగ్గరగా ఉండే మాట ఇప్పుడు దొరికింది అంతే. పదిహేనేళ్ళప్పుడు ఆ పిల్లకి తెలిసిన మాటలు రెండే, స్ట్రెయిట్, లెస్బియన్. తర్వాత ఇన్‌స్టాలో బై అని విన్నది, పాన్ (ఆడా మగా అని చూడకుండా ఇష్టపడేవాళ్ళు) అని విన్నది, ఏసెక్సువల్ (ఎవరి మీదా ఆ కోరిక కలగనోళ్ళు) అని విన్నది. బట్టల షాపులో ఉన్న రెండు సైజుల్లో ఒకటి వేసుకుని వచ్చినామె, మూడో సైజు కనపడగానే మార్చుకుంది అనుకోండి. ఒళ్ళు మారలేదు కదా.

అన్నిసార్లూ అంతే అని కూడా చెప్పలేం. కొంతమందికి నిజంగానే ఇష్టాలు కాలంతో కదులుతాయి, అది కూడా ఉన్న సంగతే.

ఇంకోటి, ఇక్కడే చెప్పేసి వదిలేస్తా. అబ్బాయా అమ్మాయా అనేది, అంటే ట్రాన్స్ సంగతి, పూర్తిగా వేరే విషయం. మనూళ్ళల్లో గే అనగానే చీర కట్టుకుంటాడా అని అడుగుతారు. రెండూ కలిపేయొద్దు.

లెక్కలు ఏం చెప్తున్నాయి

ఇంట్లో ఎవరైనా "ఇవన్నీ నెట్‌లో చూసి చెప్పేవి" అంటే మీ దగ్గర నాలుగు గట్టి మాటలుండాలి కదా, అందుకని ఇది. ఇవి అమెరికాలో చేసిన స్టడీలు, అది గుర్తుంచుకుని చదవండి.

2006లో మార్గరెట్ రొసారియో అనే ప్రొఫెసర్ టీమ్ న్యూయార్క్‌లో గే, లెస్బియన్, బై అని చెప్పుకునే 156 మంది పిల్లల్ని, 14 నుంచి 21 ఏళ్ళ వాళ్ళని, ఒక ఏడాది పాటు ఫాలో అయి పేపర్ వేశారు. అందులో 57 శాతం మంది మొదటి నుంచి చివరిదాకా గే లేదా లెస్బియన్ అనే ఉన్నారు. 18 శాతం మంది బై నుంచి గే లేదా లెస్బియన్‌కి వచ్చారు. 15 శాతం మంది బై అని చెప్పి బై గానే ఉన్నారు. ఈ చివరి రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి. "బై అనేవాళ్ళంతా చివరికి గే అవుతారు, అది సగం దారి" అని గే కుర్రాళ్ళు కూడా ఎగతాళి చేస్తుంటారు, కొందరికి అది నిజంగానే మధ్యలో మజిలీ, కానీ ఇంచుమించు అంతే మందికి అదే ఇల్లు. మీ పిల్లోడు ఏ రకమో మీరు ముందే జాతకం చెప్పలేరు.

2019లో వచ్చిన ఇంకో స్టడీ అమెరికాలో ఆగ్నేయం వైపు పల్లె ప్రాంతాల హైస్కూల్ పిల్లల మీద, 744 మంది, మూడేళ్ళు. స్ట్రెయిట్ అని చెప్పుకునే వాళ్ళతో సహా అందరినీ అడిగారు. ఆ మూడేళ్ళలో ఒకసారైనా తమ పేరు మార్చి చెప్పినోళ్ళు అమ్మాయిల్లో 26 శాతం, అబ్బాయిల్లో 11 శాతం. అంటే మారడం అరుదేం కాదు, కానీ మూడేళ్ళలో ఒక్కసారి కూడా మార్చనోళ్ళే ఎక్కువ. "అందరికీ ఆ వయసులో ఉండేదే, పోతుందిలే" అనే మాటని ఈ లెక్క ఏమాత్రం సపోర్ట్ చేయదు.

మూడోది లీసా డైమండ్ అనే సైకాలజిస్ట్‌ది, 1990ల్లో మొదలుపెట్టి పదేళ్ళపాటు 79 మంది అమ్మాయిల్తో మళ్ళీ మళ్ళీ మాట్లాడింది. వాళ్ళెవరూ మొదట్లో స్ట్రెయిట్ అని చెప్పుకున్నోళ్ళు కాదు. పదేళ్ళలో మూడింట రెండొంతుల మంది కనీసం ఒకసారి పేరు మార్చుకున్నారు. ఎటు మారారు అనేదే అసలు పాయింట్. బై అనో, పేరేం వద్దు అనో వచ్చినోళ్ళు ఎక్కువ, ఆ పేర్లు వదిలేసి వెళ్ళినోళ్ళు తక్కువ. మన ఇళ్ళల్లో మారుతుంది అంటే ఒకటే దిక్కు అనుకుంటారు, పెళ్ళిపీటల దిక్కు. లెక్కలు మాత్రం ఆ దిక్కుకే చూపించట్లా. ఆవిడ స్టడీని పట్టుకుని "చూశారా, మార్చొచ్చు" అని ప్రచారం చేసినోళ్ళని ఆవిడే బహిరంగంగా తప్పుపట్టింది, ఆ అమ్మాయిల్లో వచ్చిన మార్పు ఎవరూ కావాలని తెచ్చుకున్నది కాదు, ఆపుదామన్నా ఆగేది కాదు అని.

మాట మార్చిన రోజు ఏం అనాలి

ఎక్కువ మాట్లాడొద్దు. "సరే. ఇప్పుడు నిన్ను ఏమని అనుకోమంటావ్?" అని అడగండి. చెప్తే విని "అట్టాగే" అనండి. తెలీదు అంటే "తెలిసినప్పుడే చెప్పు, తొందరేం లేదు" అనండి. అక్కడితో ఆపి, తిన్నావా అని అడగండి, నిజంగా. మన దగ్గర ప్రేమ చూపించే పద్ధతి అదే కదా, వేరే భాష మనకి రాదు.

అనకూడనివి: "మరి అప్పుడట్టా చెప్పావే", "నీకే క్లారిటీ లేకపోతే నేనేం చేసేది", "నేను అప్పుడే అనుకున్నా". ఈ మూడోది నవ్వుతా అన్నా కూడా విషమే. ఇంకొకటుంది, చదువుకున్నోళ్ళు ఎక్కువగా చేసేది, "నువ్వు భయపడి వెనక్కిపోతున్నావ్, ధైర్యంగా ఉండు, నువ్వు గేనే" అని వాళ్ళ తరఫున డిసైడ్ చేసేయడం. స్ట్రెయిట్‌గా మారమని తోసినా తోయడమే, గేగా ఉండమని తోసినా తోయడమే. ఆ అమ్మాయికి అబ్బాయి నచ్చితే నచ్చాడు, ఎవరికీ ద్రోహం చేయలేదు, నిన్న చెప్పింది నిన్నటికి నిజం.

టెస్టులు పెట్టొద్దు. అంటే ఒక సినిమా చూపించి మొహం చూడటం, ఫ్రెండ్స్‌ని పరిచయం చేసి గమనించడం, ఫోన్‌లో ఏం చూస్తున్నాడో వెతకడం. నెట్‌లో కిన్సే స్కేల్ అని ఒకటి కనపడుతుంది, స్ట్రెయిట్ నుంచి గే దాకా 0 నుంచి 6 నంబర్లు, 1948 నాటిది. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు సరదాగా చూసుకుంటే చూసుకోనీయండి, మీరు మాత్రం దాన్ని తీసుకుని "నీ నంబరెంత" అని కూర్చోవద్దు. అది జనాన్ని లెక్కేయడానికి పనికొచ్చే స్కేల్, మీ తమ్ముడి బ్లడ్ రిపోర్ట్ కాదు.

భయంతో మార్చిన మాటని ఎట్టా కనిపెట్టాలి

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే మిగతావన్నీ ఎట్టోగట్టా నెట్టుకొస్తారు గానీ ఇక్కడ పొరపడితే పిల్లోడు చేజారిపోతాడు.

దానంతటది మారిన మాట సాగదీసుకుంటా వస్తుంది. మధ్యలో ఒక మనిషి ఉంటారు, ఒక కథ ఉంటుంది, "ఏమో అక్కా, ఇంకా తెలీదు గానీ" అని నాలుగుసార్లు అంటారు, కాస్త సిగ్గుపడతారు, మీరేమనుకుంటారో అని చూస్తారు, మధ్యలో నవ్వుతారు కూడా. భయంతో మార్చిన మాట ఒక్క లైన్లో వస్తుంది. దానికి ముందూ వెనకా ఏమీ ఉండదు.

నాకు తెలిసిన ఒక కుర్రాడు, ప్రకాశం జిల్లా పడమటి వైపు ఊరు, చదివేది ఇంజినీరింగ్. ఏడాదిగా వాళ్ళ కజిన్ అన్నతో అన్నీ చెప్పుకునేవాడు. ఒకరోజు మెసేజ్ పెట్టాడు, "అన్నా అదంతా అయిపోయింది, ఇప్పుడు బానే ఉండా, పాత చాట్ డిలీట్ చేసేయ్", కింద ఒక థంబ్స్ అప్. ఆ అన్న సంతోషించలేదు, గొడవా పెట్టుకోలేదు, తేదీ చూశాడు. ఆ వారమే వాళ్ళ నాన్న పిల్లోడ్ని హాస్టల్ మాన్పించి ఇంటి నుంచి కాలేజీ బస్సులో తిప్పడం మొదలుపెట్టాడు, ఫోన్ మార్చి వాళ్ళమ్మ పాత ఫోన్ ఇచ్చారు. అన్న రాసిందల్లా ఒకటే, "డిలీట్ చేశా. నువ్వేం చెప్తే అదే నాకు లెక్క. ఆదివారం అటు వస్తున్నా, బండి మీద ఒక రౌండ్ పోదాం." ఆదివారం పోయాడు, బండి మీద పోయారు, ఆ విషయం అన్న ఎత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు ఊరి మొదట్లో దిగి పిల్లోడే చెప్పాడంట, నాన్న చాట్ చూశాడు అని.

చూశారుగా, అన్న ఏం అడగలేదు. తేదీ చూశాడు, మనిషిని చూడ్డానికి పోయాడు. మీరూ అదే చేయండి. ఆ మాట వచ్చిన వారంలో ఇంట్లో ఏం జరిగింది? ఫోన్ లాక్కున్నారా, సంబంధం వచ్చిందా, ఎవరైనా చూశారా, గుడికో స్వామి దగ్గరికో తీసుకుపోయారా, క్లాసులో ఎవడైనా పేరు పెట్టి పిలిచాడా? తిండి తగ్గిందా, నిద్ర పోతున్నాడా, మార్కులు ఒక్కసారిగా పడిపోయాయా? ఇవేం లేకుండా మనిషి తేలిగ్గా కనపడుతుంటే ఆ మార్పు వాళ్ళదే, హాయిగా నమ్మండి. ఇవి ఉంటే మాత్రం పేరు గురించి వాదించకండి, "నువ్వు అబద్ధం చెప్తున్నావ్" అని అసలే అనకండి, ఆ అబద్ధం వాళ్ళని ఆ ఇంట్లో కాపాడుతూ ఉండొచ్చు. మీరు అందుబాటులో ఉండండి చాలు, వారానికొకసారి ఏదో ఒక సాకుతో ఫోన్.

చచ్చిపోతా, బతకడం దండగ, అందరికీ భారం అయిపోయా, ఇట్టాంటి మాట ఏ రూపంలో వచ్చినా, నవ్వుతా వచ్చినా సరే, అప్పుడు ఆగొద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే కొత్తగా ఆలోచన వచ్చేస్తుంది అనేది అపోహ. ఒంటరిగా వదలకండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్లో కేంద్రం పెట్టిన ఫ్రీ లైన్, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పరిస్థితి చేయి దాటుతుందనిపిస్తే 112, లేదా నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీ.

ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు

ఎవరికీ చెప్పకూడదు. మీ ఆయనకి కూడా. నెల్లూరు పెద్ద సిటీ లాగా కనపడుద్ది గానీ ట్రంకురోడ్డు మీద నిలబడితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు "మీరు ఫలానా వాళ్ళ కోడలు కదా" అంటారు. ఒంగోలు అంతకన్నా చిన్నది. మీరు ఒక్కరికి చెప్తే అది ఇద్దరికి కాదు, పెళ్ళిళ్ళ సీజన్‌లో కల్యాణమండపం మొత్తానికి చెప్పినట్టు. పైగా పేరు రేపు మారొచ్చు అనుకున్నాం కదా, పిల్లోడు ముందుకు పోయినా జనం నోట్లో మాత్రం పాత పేరే ఏళ్ళ తరబడి తిరుగుతుంటుంది.

ఒక్కచోట ఈ రూల్ పనిచేయదు. పిల్లలకి 18 నిండకపోతే, పెద్దవాళ్ళెవరైనా వాళ్ళ మీద చెయ్యేసినట్టు తెలిస్తే, ఆ పెద్దమనిషి ఆడైనా మగైనా, అది పోక్సో (పిల్లల మీద లైంగిక వేధింపుల చట్టం) కేసు, తెలిసినోళ్ళు రిపోర్ట్ చేయాల్సిందే, చట్టం అట్టాగే ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయొచ్చు. పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, "ఏదైనా రహస్యంగా ఉంచుతా, నీకెవరైనా హాని చేస్తుంటే మాత్రం ఉంచలేను" అని.

డేటింగ్ యాప్‌ల గురించి కూడా ఒక మాట. నిజమో కాదో తేల్చుకుందామని యాప్ పెట్టుకుని, ఎవరో పిలిస్తే పోయి, అక్కడ నలుగురు కలిసి వీడియో తీసి డబ్బులడిగే ముఠాలు దేశమంతా ఉన్నాయి. అట్టా జరిగితే డబ్బు కట్టకండి, ఒకసారి కడితే మళ్ళీ అడుగుతారు. స్క్రీన్‌షాట్లు దాచుకోండి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930. ఇష్టపడటం నేరం కాదు, 2018 సెప్టెంబర్ 6నే సుప్రీంకోర్టు గే సంబంధాన్ని నేరమనే 377 సెక్షన్ సంగతి తేల్చేసింది, ఇక్కడ నేరం చేసింది బెదిరించినోడు.

ఇంట్లో తెలిసిపోయి, "మారతాడు కదా?" అని పిల్లోడి అమ్మ, అంటే మీ అక్క, మిమ్మల్ని అడిగితే

అడుగుతుంది. ఏడుస్తా అడుగుతుంది. స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగకి పోయి, చెరువు నీళ్ళల్లో నిలబడి, కొడుక్కోసం వివాహ రొట్టె పట్టుకుని తిని వస్తుంది, వచ్చే ఏడు కోరిక తీరి నేనే రొట్టె వదలాలి స్వామీ అని. దాన్ని మీరు వెక్కిరించకండి. ఆ రొట్టె వల్ల ఎవరికీ దెబ్బ తగలదు. దెబ్బ ఎక్కడ తగులుతుందంటే రొట్టె తిన్న నమ్మకంతో మాఘమాసంలో ముహూర్తం పెట్టించినప్పుడు.

అక్కకి రెండు చేతులా అబద్ధం చెప్పొద్దు. "మారతాడు" అని ఓదార్చొద్దు, "జన్మలో మారడు" అని శాసనమూ చేయొద్దు. ఇట్టా చెప్పొచ్చు: "అక్కా, వాడు తన గురించి తను చెప్పుకునేది మారొచ్చు, మారకపోవచ్చు. మనం మార్చలేం. మార్చాలని చూసినోళ్ళెవరికీ మంచి జరగలేదు. వాడు చదువు పూర్తి చేసి వాడి కాళ్ళ మీద వాడు నిలబడేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దు." ఈ చివరి మాట ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే ఇది ఎవరింట్లోనైనా చెప్పుకోదగ్గ కారణం, చుట్టాలకీ సమాధానం. పెళ్ళి చేస్తే సర్దుకుంటుంది అనేవాళ్ళని ఒక్కటడగండి, ఆ వచ్చే అమ్మాయి మన ఇంటి పిల్లయితే ఇదే మాట అంటామా అని. దీనికి నాకు తెలిసి ఇంతవరకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలా.

హాస్టల్‌లో ఉండి చెడిపోయాడు అంటారు. నెల్లూరులో ఇంటర్ హాస్టళ్ళకి లెక్కే లేదు, ఏటా వేలమంది మగపిల్లలు మగపిల్లల మధ్యే, ఆడపిల్లలు ఆడపిల్లల మధ్యే రెండేళ్ళు గడిపి బయటికి వస్తున్నారు, హాస్టలే చేస్తే ఈపాటికి జిల్లాలో పెళ్ళిళ్ళే ఆగిపోయుండాలి. అదేం లేదు, రోడ్లన్నీ బ్యాండ్ మేళాలే.

మార్చినోళ్ళున్నారంట కదా అని ఎవరైనా వాట్సాప్ ఫార్వర్డ్ చూపిస్తే రాబర్ట్ స్పిట్జర్ కథ చెప్పండి. అమెరికాలో పెద్ద సైకియాట్రిస్ట్, 1973లో అక్కడి సైకియాట్రీ అసోసియేషన్ గే అవ్వడాన్ని జబ్బుల లిస్టులోంచి తీసేయడంలో ముఖ్యమైన మనిషి. అదే మనిషి 2003లో 200 మందితో ఫోన్లో మాట్లాడి, బాగా పట్టుదల ఉన్నోళ్ళు కొందరు మారగలరు అని పేపర్ వేశాడు. ప్రపంచమంతా దాన్ని పట్టుకుని ఊగింది. 2012లో ఆయనే, దాదాపు ఎనభై ఏళ్ళ వయసులో, వాళ్ళు మారామని చెప్పిన మాట తప్ప నా దగ్గర వేరే రుజువు లేదు అని ఒప్పుకుని, ఆ చికిత్సల మీద టైమూ శక్తీ పోగొట్టుకున్న గే వాళ్ళకి క్షమాపణ చెప్పాడు. మీరు ఇంట్లో కూర్చోబెట్టి "మారావా లేదా చెప్పు" అని గద్దిస్తే వచ్చే జవాబు కూడా సరిగ్గా అంతే విలువైంది.

డాక్టర్ దగ్గరికి పోవాల్సి వస్తే

గే అవ్వడానికి డాక్టర్ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని జబ్బుల్లోంచి తీసేసింది, మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా 2018లో జబ్బు కాదని చెప్పింది. కానీ నిద్ర పట్టకపోవడం, గుండె దడ, ఏడుపు, చదువు మీద ధ్యాస లేకపోవడం, వీటికి డాక్టర్ కావాలి, వాటికే పోవాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. చీటీ రాయించేటప్పుడు కౌంటర్లో కథంతా చెప్పక్కర్లేదు, నిద్ర పట్టట్లేదు అంటే చాలు. లోపల డాక్టర్ దగ్గర పిల్లల్ని ఒంటరిగా మాట్లాడనీయండి, మీరు బయట బెంచీ మీద కూర్చోండి.

ప్రైవేట్ అయితే ముందే ఫోన్ చేసి అడగండి, "మావాడు గే అని చెప్తున్నాడు, మీరు దాన్ని మార్చడానికి ట్రీట్‌మెంట్ ఇస్తారా?" ఇస్తాం అంటే థాంక్స్ చెప్పి పెట్టేయండి, అంతకంటే మంచి ఫిల్టర్ లేదు. అట్టా మారుస్తామనడం డాక్టర్లకి వృత్తిపరమైన తప్పు అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకి రాసింది, 2021లో మద్రాస్ హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేష్ ఇచ్చిన ఉత్తర్వుల దరిమిలా వచ్చిందది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా సమాజం పద్ధతులకి సరిపోలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగి అనకూడదు అంటుంది.

ఇక బస్టాండ్ గోడల మీద పోస్టర్లు, ప్రతి నెలా ఫలానా ఆదివారం ఫలానా లాడ్జిలో డాక్టర్ గారు అందుబాటులో ఉంటారు అని, హార్మోన్ సూదులు, పొడులు, తాయెత్తులు. వీటి గురించి రాయడం కూడా వేస్ట్. వేలకి వేలు పోసి పిల్లోడికి ఒకటే నేర్పుతారు, ఈసారి "మారాను" అని ముందుగానే చెప్పేయాలి అని.

పిల్లలకి 18 దాటి, ఇంట్లో బంధించినా కొట్టినా, చట్టం వాళ్ళ పక్కనే ఉంది. సుప్రీంకోర్టు 2023 అక్టోబర్లో పెళ్ళి హక్కు అయితే ఇవ్వలేదు. కానీ 2024 మార్చిలో, ఇట్టాంటి కేసుల్లో కోర్టులు కౌన్సిలింగ్ పేరు చెప్పి మనిషి ఇష్టాన్ని మార్చే ప్రయత్నం చేయొద్దని గైడ్‌లైన్స్ ఇచ్చింది. 2024 డిసెంబర్లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి ఇంట్లో పెట్టేసిన ఒక అమ్మాయిని, మేజర్ కాబట్టి తనకి నచ్చిన ఇంకో అమ్మాయితో కలిసి ఉండొచ్చని పంపించింది. ఇది మీ ఇంట్లో పెద్దోళ్ళతో గొడవకి దిగి చెప్పాల్సిన మాట కాదు, అవసరం వచ్చినప్పుడు లాయర్ ముందు గుర్తుండాల్సిన మాట.

మూడోసారి కూడా మార్చితే?

మార్చనీయండి. పద్ధతి అదే, ఏమని అనుకోమంటావ్, సరే, తిన్నావా. మీ ఫోన్లో వాళ్ళ చాట్‌కి లాక్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి, ఎందుకంటే మీ ఇంట్లో పిల్లలు కూడా ఆ ఫోనే తీసుకుని గేమ్స్ ఆడుతుంటారు.

మధ్యలో మీకే తల బద్దలవుతుంది, అది మామూలే. ఇంకొకరి రహస్యం రెండేళ్ళు మోస్తా, అక్క మొహం చూస్తా, పండగలకి పోయి ఏం తెలీనట్టు నవ్వుతా ఉండటం ఈజీ కాదు. ఆ 14416 పిల్లలకే కాదు, మీకూ పనికొస్తుంది. పిల్లోడి పేరు, ఊరు ఏమీ చెప్పకుండా "మా ఇంట్లో ఒకరు ఇట్టా చెప్తున్నారు, నేనెట్టా ఉండాలి" అని అడగొచ్చు. ఇంట్లోంచి కాకుండా బయటికి పోయి చేసుకోండి, మన ఇళ్ళల్లో గోడలు పల్చన.